పరీక్షల విరామం తర్వాత అరమండి ఎందుకు వణుకుతుంది? నాట్య పోటీలకు బలం పెంచుకోవడం, నిలుపుకోవడం

నెల్లూరు, కావలి, ఒంగోలులో నాట్యం నేర్చుకునే పిల్లలకు దసరా నుంచి సంక్రాంతి దాకా పోటీలు, ప్రదర్శనలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రాక్టికల్స్, పది, ఇంటర్ పరీక్షలు. ఇక రెసిడెన్షియల్ కాలేజీలో చేరితే గజ్జెలు అటకెక్కినట్టే. ఏప్రిల్లో మళ్ళీ క్లాసుకొచ్చి, జనవరిలో ఆడిన తిల్లానాను (కచేరీ చివర్లో వేగంగా ఆడే నృత్తం) అదే కాలంలో, అంటే అదే వేగంలో ఆడబోతే పిక్కలు పట్టేస్తాయి, ఊపిరి అందదు, మూడో జతికే (అడుగుల వరుసకే) అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు తెరిచి సగం కూర్చునే భంగిమ, లేచిపోతుంది. తప్పు విరామానిది కాదు. విరామంలో ఏమీ చేయకపోవడం ఒక తప్పు, వచ్చిన మొదటి వారంలోనే అంతా చేసేయడం అంతకన్నా పెద్ద తప్పు.

ముందు కొలత

మొదలుపెట్టే రోజు మూడు కొలతలు రాసుకోండి. గోడను మునివేళ్ళతో ఆనుకుని ఒంటికాలి మీద మడమ పూర్తిగా లేపి దించడం ఎన్నిసార్లు సాధ్యమైందో లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు 25 దాకా మామూలే. నాట్యం చేసేవారికి అంతకన్నా తక్కువ వచ్చినా, రెండు కాళ్ళ మధ్య నాలుగైదు తేడా ఉన్నా పని అక్కడే ఉంది. రెండోది, వేళ్ళకు సుద్ద పూసుకుని గోడ పక్కన నిలబడి ఒక గుర్తు, ఎగిరి ఇంకో గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. మూడోది, అరమండిలో మోకాలు రెండో కాలివేలి మీదుగానే ఉండగా ఎన్ని సెకన్లు నిలబడగలరో చూడండి. మోకాలు లోపలికి జారిన క్షణమే గడియారం ఆపాలి, నొప్పి పుట్టేదాకా ఆగొద్దు. ఇవే కొలతలు రెండు వారాలకోసారి తీసుకోండి.

ఏ కండరానికి ఏ పని

నాట్యంతోనే బలం వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ ఒకవైపే. తొడ ముందు భాగం రోజూ పనిచేస్తుంది. తొడ వెనుక భాగం, పిరుదులు, తుంటి పక్క కండరాలు అంతగా పనిచేయవు. తుంటిలో బలం చాలనప్పుడు పిల్లలు పాదాలను బలవంతంగా పక్కకు తిప్పి మండి వెడల్పు చూపిస్తారు. ఆ మెలి వచ్చి మోకాలిలో పడుతుంది.

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు విడిచి, ఈ ఆరూ చేస్తే చాలు.

బస్కీలు: పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, సంచిలో కట్టిన ఇసుకను గుండెకు హత్తుకుని కూర్చుని లేవాలి. రెండు లీటర్ల సీసాలో పొడి ఇసుక పోస్తే సుమారు మూడు కిలోలు తూగుతుంది, అలా లెక్కేసుకుని బరువు పెంచుకోవచ్చు.

తుంటి దగ్గర వంగడం: మోకాళ్ళు కొద్దిగా సడలించి, వీపు నిటారుగా ఉంచి, పిరుదులు వెనక్కి తోస్తూ రెండు చేతుల్లోని సంచుల్ని మోకాళ్ళ కిందిదాకా దించి లేవాలి. నడుము గుండ్రంగా వంగితే బరువు ఎక్కువైందని అర్థం.

వెల్లకిలా పడుకుని పిరుదులు లేపడం: రెండు కాళ్ళతో తేలికైతే ఒంటికాలితో.

మోకాలు తెరవడం: పక్కకు పడుకుని, మోకాళ్ళు మడిచి, మడమలు కలిపి ఉంచి పై మోకాలిని తెరవాలి. పాత సైకిల్ ట్యూబు ముక్కను తొడల చుట్టూ కడితే మంచి బిగువు వస్తుంది. నడుము వెనక్కి దొర్లకూడదు.

మడమలు లేపడం: మెట్టు అంచున నిలబడి రెండు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. సగం సెట్లు కాలు చాపి, సగం మోకాలు వంచి చేయాలి. చాలామంది వంచి చేసేది వదిలేస్తారు. కానీ మండిలో మోకాలు వంగే ఉంటుంది కాబట్టి అక్కడ భారం మోసేది పిక్క లోపలి పొర. దానికి ఎక్కువ పని పడేది మోకాలు వంచినప్పుడే.

దండీలు (పుషప్‌లు): నాట్యంలో చేతులు కిందికి జారకుండా నిలవాలంటే భుజాలకూ బలం కావాలి. రాకపోతే బల్లమీద చేతులు పెట్టి మొదలుపెట్టండి.

ఇవి నాట్యం తర్వాతైనా చేయాలి, లేదా కనీసం ఆరు గంటల తేడాతోనైనా చేయాలి. అలసిన తొడలతో అడుగులు వేస్తే అంగశుద్ధి (భంగిమల్లో కచ్చితత్వం) పోతుంది. బరువులు ఎత్తితే పిల్లలు పొడవు పెరగరన్న భయానికి ఆధారం లేదు. పన్నెండేళ్ళ లోపువారికి ఒంటి బరువుతో, పెద్దవాళ్ళు చూస్తుండగా చేయిస్తే సరిపోతుంది. ఇక కండలు లావెక్కి నడుము వంపు పోతుందన్న భయం. వారానికి రెండు రోజుల పనికి ఎవరూ పహిల్వాన్లు కారు.

పోటీ తేదీ నుంచి వెనక్కి 12 వారాలు

మొదటి మూడు వారాలు బరువు తక్కువ, ఒక్కోటి 12 నుంచి 15 సార్లు, రెండు సెట్లు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు బరువు పెంచి 6 నుంచి 8 సార్లు, మూడు సెట్లు, సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు నిమిషాలు ఆగాలి. ఇంకో రెండుసార్లు చేయగలను అనిపించినప్పుడే సెట్టు ఆపేయండి. వరసగా రెండు రోజులు అన్ని సెట్లూ పై హద్దు (ఎనిమిది) దాకా పూర్తయితే అప్పుడు రెండు కిలోలు కలపండి. తొమ్మిది నుంచి పదకొండు వారాలు 5 సార్ల సెట్లు, వాటికి ముందు ఐదేసి గెంతుల చొప్పున మూడు విడతలు. పన్నెండో వారంలో సెట్లు సగానికి తగ్గించి, బరువు మాత్రం అలాగే ఉంచండి. పోటీకి రెండు రోజుల ముందు పూర్తిగా ఆపేయాలి.

మొదటి నెలలో తూకం మారలేదని, కండ కనబడలేదని వదిలేయొద్దు. మొదట పెరిగేది కండరం సైజు కాదు. ఉన్న కండరాన్ని నాడులు ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటాయి. కండ పెరగడం సాధారణంగా ఆరో వారం తర్వాతే తెలుస్తుంది.

నేల సంగతి కూడా చూసుకోండి. చీమకుర్తి గ్రానైట్ పరిచిన హాలు చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ తట్టడుగు (పాదంతో నేలను తట్టే అడుగు) దెబ్బను కాస్త కూడా మింగదు, మొత్తం కాలి ముందు ఎముకకే తిరిగొస్తుంది. చెక్క పరిచిన నేల దొరకనప్పుడు గెంతుల సెట్లయినా మట్టి నేల మీద చేయండి. మైపాడు, కొత్తపట్నం బీచిలో వదులు ఇసుకలో పరుగెత్తించడం మంచిదనుకుంటారు. మడమ నరం (పిక్కను మడమకు కలిపే తాడు లాంటి కణజాలం) అలవాటు పడకముందే అది మొదలుపెడితే నొప్పి తెచ్చుకున్నట్టే.

ఆపితే ఏది ముందు పోతుంది

వారం రోజులు ఆపితే ఏమీ పోదు, పైగా అలసట తీరుతుంది. ముందుగా తగ్గేది దమ్ము. రెండు వారాల్లోపే రక్తంలోని ద్రవభాగం తగ్గి, అదే జతికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఎండకు అలవాటు పడ్డ శరీరం ఆ అలవాటును కూడా కొన్ని వారాల్లోనే పోగొట్టుకుంటుంది. ఏసీ గదుల్లో చదువుకుని నెల్లూరు ఏప్రిల్ ఎండలోకి వచ్చిన పిల్లకు రెండింతలు కష్టం. మళ్ళీ అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది.

బలం అలా కాదు, మూడు నాలుగు వారాలు దాదాపు నిలబడుతుంది, ఆ తర్వాతే జారడం మొదలవుతుంది. రెండు మూడు నెలలు ఆపినా మొదటికి రాదు. పోయింది తిరిగి తెచ్చుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. చిక్కల్లా ఇక్కడే. బలం కొంత మిగిలి ఉంటుంది కాబట్టి ఆడగలననిపిస్తుంది. కానీ ఎముకా, నరమూ ఆ దెబ్బల లెక్కను మరిచిపోయి ఉంటాయి.

పరీక్షల్లో 25 నిమిషాలు

పెంచుకోవడానికి వారానికి రెండు రోజులు కావాలి, నిలుపుకోవడానికి ఒక్క రోజు చాలు. షరతు ఒకటే, సెట్లు మూడోవంతుకు తగ్గించొచ్చు, బరువు తగ్గించకూడదు. బస్కీలు, తుంటి వంగడం, మడమలు, దండీలు, ఒక్కోటి ఒకే సెట్టు. హాస్టల్లో ఇసుక సంచి దొరకదు కాబట్టి పుస్తకాల బ్యాగు ఎత్తుకుని ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవడం చేయొచ్చు. దమ్ము కోసం వారానికి రెండుసార్లు పది నిమిషాలు మెట్లెక్కడం. తిండిలో ప్రకాశం జిల్లాలో దండిగా పండే శనగలే చాలు. 50 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే పది గ్రాముల ప్రొటీన్ వస్తుంది, దానికి తోడు ఒక గుడ్డు.

తిరిగొచ్చాక నాలుగు వారాలు

మొదటి వారం పాత బరువులో 60 శాతం, సగం సెట్లు. అడుగులు మొదటి రెండు కాలాల్లోనే, తట్టు సగానికి సగం. రెండో వారం 70, మూడో వారం 85, నాలుగో వారం పూర్తి. మూడో కాలం మూడో వారానికి ముందు వద్దు. రెండో మూడో రోజు కండరం పీకడం మామూలే.

ఆలస్యంగా వచ్చారని, లావయ్యారని వంద గుంజీళ్ళు తీయించే అలవాటు మాత్రం ఈ నెలలో మానేయాలి. అలవాటు తప్పిన తొడలకు ఒక్కసారిగా అంత పని పడితే కండరం చితికి మూత్రం టీ డికాషన్ రంగులోకి మారొచ్చు. అలా కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, కిడ్నీలకు ముప్పు.

కాలి ముందు ఎముక మీద పొడవునా నొప్పిగా ఉంటే తట్టు తగ్గించి చూడొచ్చు. వేలితో నొక్కితే ఒకేచోట పోటు, రాత్రి నిద్రలో నొప్పి, ఒంటికాలి మీద గెంతలేకపోవడం ఉంటే ఎముకకు బీట పడిందేమోనని అనుమానించి డాక్టర్ను కలవాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, కాబట్టి ఫిల్ము బాగుందని మళ్ళీ గజ్జెలు కట్టించొద్దు. ఆడపిల్లలకు మూడు నెలలు నెలసరి రాకపోయినా డాక్టర్ను కలవాలి. తిండి చాలక ఎముక పలచబడుతుండొచ్చు, దాన్ని పోటీ ఒత్తిడి అని కొట్టేయకూడదు.