నాటు వంకాయ బొమ్మ వేయాలంటే ముచ్చికతో మొదలుపెట్టండి

మా అత్తయ్యగారు ఏటా ఒక మంచి వంకాయను కోయకుండా మొక్కకే వదిలేస్తారు. అది పసుపుపచ్చగా ముదిరాక గింజలు తీసి, కడిగి ఆరబెట్టి, బూడిదలో కలిపి దాస్తారు. ఆ విత్తనం కాయలు గుండ్రంగా ఉంటాయి. ఊదా మీద తెల్లచారలు, ముచ్చిక నిండా ముళ్లు. మా బజార్లో ఇవి కనబడవు, అందుకే వాటర్ కలర్‌లో వేయడం మొదలుపెట్టాను.

మొదటి మూడు బొమ్మలూ పాడుచేశాను. కాయ నిగనిగలాడుతోంది కదా అని ముందు దానికే రంగు వేసేదాన్ని. ముచ్చిక దగ్గరికొచ్చేసరికి అది వాడిపోయి అంచులు ముడుచుకునేది. కాయ రెండు రోజులు ఆగుతుంది, ముచ్చిక ఆగదు.

కాబట్టి పొద్దున్నే రెండంగుళాల కాడతో కోసి, కాడ చివర తడిగుడ్డ చుట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే చెమటపట్టి మెరుపు పోతుంది. కాగితం దళసరిగా 300 జీఎస్ఎమ్, కాటన్, నున్నగా ఉండే హాట్ ప్రెస్ రకం కొనండి. గరుకు కాగితం మీద ముళ్లు మొనదేలవు. డివైడర్‌తో కొలుచుకుని, హెచ్ పెన్సిల్‌తో అసలు సైజులోనే గీయండి.

ఇప్పుడు ముచ్చిక. లేత ఆకుపచ్చ పూసి, అంచుల్లో ఊదా జీర కలపండి. ముళ్లను విడిగా గీయకండి. వాటి చోటు ఖాళీగా ఉంచి, పక్కన సన్నటి నీడ పెడితే అవే లేస్తాయి. ముచ్చిక అంచు కింద కాయ మీద పాలిపోయిన పట్టీ ఒకటి ఉంటుంది, చూశారా? ఎండ తగలక అక్కడ ఊదా పట్టదు. అది వేయడం మరిచిపోతే ముచ్చిక కాయకు టోపీ పెట్టినట్టుంటుంది. నా బొమ్మల్లో ఏదో తేడాగా ఉందని ఏడాదిపాటు బుర్ర బద్దలు కొట్టుకున్నది ఈ పట్టీ గురించే.

కాయకొస్తే, కిటికీ వెలుగు మెరిసేచోటును, చారలను వదిలి, మిగతాదాన్ని మంచినీళ్లతో తడపండి. తడి కాస్త ఇంకాక పర్మనెంట్ రోజ్ అనే గులాబీ రంగు, అల్ట్రామెరైన్ అనే నీలం కలిపి వదలండి. పూర్తిగా ఆరాకే రెండో పొర. నాకు ఐదారు పొరలు పడతాయి. నీడలకు నలుపు వేస్తే కాయ మసిబారినట్టుంటుంది, ఆ ఊదాలోనే చిటికెడు బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు చాలు. చారల అంచులు స్కేలుతో గీసినట్టుండవు, చిన్న చిన్న మరకలుగా ఊదాలో కలుస్తాయి. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అవి వేయండి. పురుగు మచ్చ ఉంటే అదీ వేయండి.

మా పక్కనే ఉన్న సామర్లకోటలో 1780ల్లో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మనదేశపు చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. అవి 1795 నుంచి లండన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. మొక్క పక్కనే పువ్వు, కాయ భాగాలను విప్పి చూపించే ఆ పద్ధతి నాకిష్టం. అందుకే చివర్లో కాయను నిలువుగా కోసి గింజల వరస కూడా వేస్తాను. కోసిన ముక్క చూస్తుండగానే నల్లబడుతుంది, పెన్సిల్ గీతలు, రంగులు ముందే సిద్ధంగా ఉండాలి.

"ఉప్పునీళ్లలో ముంచి తియ్యవమ్మా, ఆ మాత్రం తెలీదూ?" అన్నారు అత్తయ్యగారు ఒకరోజు నా హడావిడి చూసి. నిజమే, ఇంకాస్త టైము దొరికింది. రెండో సగం మాత్రం అప్పటికే ఆవిడ కూరలోకి తరిగేశారు.