పాత వస్తువు, కొత్త యంత్రం – 3వ పాఠం: ఇంతకీ యంత్రం కొలిచింది దేన్ని?

పోయిన పాఠంలో తవ్వకంలో మట్టి పొరల్ని చదవడం చూశాం. ఈసారి ల్యాబ్ రిపోర్టు చదువుదాం. "శాస్త్రీయంగా తేలింది" అన్న మాట కనిపిస్తే చాలు, ఇక అడగడానికేం లేదనిపిస్తుంది. మొదట్లో నాకూ అంతే.

ఏ రిపోర్టు చేతికొచ్చినా ముందు కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. యంత్రం కొలిచింది ఏమిటి? దాన్నిబట్టి మనుషులు అంటున్నది ఏమిటి? ఈ రెండింటి మధ్య ఎంత ఎడం ఉందో చూడటమే ఈ పాఠం.

ఒక పాత ఇంటి దూలం ముక్కను కార్బన్ డేటింగ్‌కి పంపారనుకోండి. ల్యాబ్ కొలిచేది ఆ ముక్కలో మిగిలిన కార్బన్-14ని. ఇది గాలి నుంచి చెట్టులోకి చేరే ఒక రకం కార్బన్; కొత్తది చేరడం ఆగాక మెల్లగా తరిగిపోతుంది, ఎంత తరిగిందో చూసి వయసు లెక్క కడతారు. చెట్టు పెరుగుతున్నా, దాని లోపలి వలయాలు కొత్త కార్బన్ తీసుకోవు. 300 ఏళ్లు బతికిన చెట్టు నడిమధ్య నుంచి ముక్క తీస్తే, చెట్టు నరికిన రోజుకన్నా దాదాపు 300 ఏళ్ల ముందు తేదీ వస్తుంది. పైగా ఆ దూలాన్ని ఇంకో పాత ఇంటి నుంచి పీకి తెచ్చి ఉంటే? ల్యాబ్ లెక్క తప్పు కాదు. చెక్క వయసు అడిగి, వచ్చిన జవాబును ఇంటికి అంటగట్టింది మనమే.

పద్ధతికీ పరీక్షలు తప్పలేదు. 1949లో దీన్ని లోకానికి చూపిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ వచ్చింది. గాలిలో కార్బన్-14 ఎప్పుడూ ఒకే మోతాదులో ఉందనుకుని ఆయన లెక్క కట్టాడు. అలా లేదని తర్వాత చెట్ల వలయాలే చెప్పాయి. అందుకే రిపోర్టులో ఉన్నది సవరించిన తేదీయేనా అని ముందు చూసుకోండి.

ఇప్పుడు రాడార్. ప్రాచీన ఈజిప్టు రాజు టూటన్‌ఖామన్ సమాధి గోడల వెనక గదులున్నాయని, అక్కడ రాణి నెఫర్టిటీ సమాధి ఉండొచ్చని 2015లో పురావస్తు పరిశోధకుడు నికోలస్ రీవ్స్ అన్నాడు. రాడార్ పెట్టారు. "90 శాతం ఖాయం" అన్నారు ఈజిప్టు పురావస్తు మంత్రి. రాడార్ కొలిచేదేమో గోడలోంచి తిరిగొచ్చిన తరంగాల్ని. ఆ గీతలకు "గది" అని పేరు పెట్టింది మనిషి. ఆ 90 కూడా ఏ యంత్రమూ చెప్పింది కాదు. (పేపర్లకు మాత్రం పండగే.) 2018లో ఇటలీ బృందం మళ్లీ సర్వే చేసి గదులేవీ లేవని తేల్చింది. ఒకే గోడ, ఒకే రకం పరికరం. రెండో బృందం చేతిలో నిలవని ఫలితాన్ని పెన్సిల్‌తోనే రాసుకోవాలి.

అభ్యాసం: సముద్రపు ఒడ్డున ఒక సమాధి బయటపడింది. అందులోని నాణేలు ఒక కాలం చెబుతున్నాయి, ఎముక కార్బన్ తేదీ అంతకన్నా దాదాపు 400 ఏళ్లు వెనక్కి పోతోంది. "నాణేలు తర్వాత ఎవరో పడేసినవి" అని రిపోర్టు ముగించింది. మీ రెండు వాక్యాలూ రాయండి. ఆ మనిషి ఏం తిని బతికి ఉంటాడో కూడా ఆలోచించండి. జవాబు 4వ పాఠంలో.