చెవి మిషన్ కుయ్‌మంటుంటే

పాలిచ్చేటప్పుడు పాప చెవి మిషన్ కుయ్‌మంటోందా? సౌండ్ తగ్గించకండి, మిషన్ తీసి పక్కన పెట్టకండి. చెవి మీ ఒంటికి ఆనుకున్నప్పుడే మోగితే భయం లేదు, పాపను కాస్త జరిపితే ఆగుతుంది. చెవికి ఏదీ ఆనుకోనప్పుడూ మోగుతుంటే మోల్డ్ (చెవిలో కూర్చునే మెత్తటి అచ్చు) వదులై ఉండొచ్చు. ముందు దాని పై కొస చెవి మడత కిందికి దూరిందో లేదో చూడండి, చాలాసార్లు తేడా అక్కడే. సరిచేసినా ఆగకపోతే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గర మోల్డ్‌కు కొత్త కొలత ఇవ్వాలి. మొదటి ఏడాది చెవి అంత తొందరగా పెరుగుతుంది, 2, 3 నెలలకోసారి మోల్డ్ మార్చాల్సి రావచ్చు. గులిమి అడ్డున్నా కూత వస్తుంది. పుల్ల మాత్రం పెట్టకండి, డాక్టరుకు చూపించండి.

బ్యాటరీ మూతకు లాక్ ఉన్న మిషనే అడగండి. బిళ్లలాంటి ఆ బ్యాటరీని పాప మింగితే లోపల కాలుస్తుంది. వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.