ఆష్లీ అంటే ఆయనా, ఆవిడా? ఇంగ్లిష్ పేరు పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం ఇలా

బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగంలో చేరిన వారానికే పప్పులో కాలేశాను. ఆష్లీ అన్న పేరు చూసి 'డియర్ మేడమ్' అని మెయిల్ కొట్టాను. మర్నాడు మీటింగుకి నిండు గడ్డంతో ఒకాయన వచ్చి, "ఆ మేడమ్‌ని నేనే" అన్నాడు. అప్పట్నుంచి కొత్త పేరు కనబడితే ముందు కాస్త తవ్వి చూస్తాను.

మొదట పేరుని విరవండి. చివర లీ, టన్, ఫర్డ్ ఉంటే చాలావరకు అది ఒకప్పటి ఊరి పేరే. ఆష్లీలో మొదటి ముక్క యాష్ అనే చెట్టు. రెండోది పాత ఇంగ్లిష్ మాట: అడవి, లేదా అడవి కొట్టి చదును చేసిన జాగా. మన వేములపల్లిలో వేపచెట్లున్నట్టే. ముక్కలు విప్పి చూపించకుండా 'వీరుడు', 'తేజస్వి' అని అర్థం చెప్పేస్తే నేను నమ్మను.

తర్వాత మ్యాపు తెరవండి. చెషర్‌లో ఒక ఆష్లీ, నార్తాంప్టన్‌షర్‌లో మరొకటి దొరుకుతాయి. ఊరి పేరు ఇంటిపేరైంది, ఇంటిపేరు మెల్లగా సొంత పేరైంది. ఫ్యాక్టరీల్లో పిల్లల పనిగంటలు తగ్గించాలని పోరాడిన షాఫ్ట్స్‌బరీ ఏడో ఎర్ల్ (ఎర్ల్ అంటే అక్కడి ప్రభువుల బిరుదు; 1801–1885) పేరు ఆంథొనీ ఆష్లీ కూపర్. ఆ వంశంలోకి ఆష్లీ వచ్చింది మొదటి ఎర్ల్ తల్లి పుట్టింటి నుంచి.

ఇక ఎంతమంది పెట్టుకుంటున్నారన్నది. నాలాంటివాళ్లు తప్పులో పడేది ఇక్కడే. ఇంగ్లండ్, వేల్స్ లెక్కలు అక్కడి ప్రభుత్వ గణాంకాల కార్యాలయం ఓఎన్‌ఎస్ ఏటా ఇస్తుంది. అమెరికావి అక్కడి పింఛన్లు చూసే ప్రభుత్వ శాఖ సోషల్ సెక్యూరిటీ వాళ్ల దగ్గర 1880 నుంచీ ఉన్నాయి. మగపిల్లల జాబితా, ఆడపిల్లల జాబితా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అమెరికాలో 1991, 1992ల్లో ఆడపిల్లల పేర్లలో ఆష్లీదే మొదటి స్థానం. ఇంగ్లండ్‌లోనో, 1973లో పుట్టిన స్పిన్నర్ ఆష్లీ జైల్స్, 1980లో పుట్టిన ఫుట్‌బాలర్ ఆష్లీ కోల్ ఇద్దరూ మగవాళ్లే. కాబట్టి దేశం, వయసు తెలియకుండా పేరొక్కటే చూసి తేల్చకండి.

స్పెల్లింగు మారితే లెక్క వేరే వరసలో పడుతుంది. ఆస్ట్రేలియా మహిళా క్రికెటర్ ఆష్లీ గార్డ్‌నర్ పేరు చివర ఎల్-ఈ-ఐ-జీ-హెచ్. ఆ రూపం ఎక్కువగా ఆడవాళ్లది. అమెరికా జాబితాలో కనబడలేదంటే ఆ పేరే లేదని కాదు, ఏడాదికి అయిదుగురి కన్నా తక్కువుంటే వాళ్లు బయటపెట్టరు.

ఇంత చేసినా అనుమానం తీరకపోతే 'డియర్ ఆష్లీ' అని రాసేయండి, ఎవరూ ఏమనుకోరు. 'గారు' లేకుండా పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది, అది వేరే సంగతి.