మతం మారకుండా మతాంతర వివాహం: ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం చేయవలసిన పనులు

వేర్వేరు మతాలకు చెందిన ఇద్దరు, ఎవరి మతంలో వారు ఉంటూనే పెళ్లి చేసుకోవాలనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం అందుకు వీలు కల్పిస్తుంది. మేజర్లయిన ఇద్దరి వివాహానికి కుటుంబం, కులపెద్దల సమ్మతి అవసరం లేదని శక్తివాహిని అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది.

వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భర్త గానీ భార్య గానీ ఉండకూడదు.

ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి (ఈ చట్టం కింద పెళ్లి జరిపించే అధికారి), తాము పెళ్లి చేసుకోబోతున్నామని తెలుపుతూ ఇద్దరూ సంతకాలు చేసిన నోటీసును వయసు, చిరునామా ఆధారాలతో ఇవ్వాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటిస్తారు. ఎవరి శాశ్వత నివాసమైనా వేరే జిల్లాలో ఉంటే అక్కడి కార్యాలయానికీ ప్రతి పంపుతారు. అందువల్ల ఇంట్లో చెప్పదలచినవారు నోటీసుకు ముందే చెప్పడం మేలని నా అభిప్రాయం; పెద్దలకు ఈ కబురు ఊరివాళ్ల ద్వారా చేరితే, ఒప్పుకోవాలనుకున్నవారు కూడా బిగుసుకుపోతారు. నోటీసు ప్రచురించిన 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు గానీ, అది వయసు, పాత వివాహం వంటి చట్టపరమైన షరతుల ఉల్లంఘన గురించే అయి ఉండాలి. ‘మాకు ఇష్టం లేదు’ అన్నది అభ్యంతరం కాదు. విచారణను అధికారి 30 రోజుల్లో ముగించాలి; అభ్యంతరాన్ని సమర్థించి పెళ్లికి నిరాకరిస్తే జిల్లా కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. బెదిరింపులు వస్తే ఆలస్యం చేయక పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, రక్షణ కోసం హైకోర్టును ఆశ్రయించవచ్చు.

అభ్యంతరాల గడువు ముగిశాక ముగ్గురు సాక్షులతో వెళ్లి, డిక్లరేషన్లపై సంతకాలు చేసి, ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నట్లు అధికారి ఎదుట చెప్పాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు ఇది పూర్తికాకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వవలసిందే.

ఆస్తి సంగతి చాలామంది చివరిదాకా పట్టించుకోరు. అవిభక్త (ఆస్తి పంచుకోని ఉమ్మడి) కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద ముస్లింనో క్రైస్తవులనో వివాహం చేసుకుంటే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్లు లెక్క. ఆపై వారి వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. విడిపోవడమంటే వాటా పోవడం కాదు కనుక, ఇంట్లో ఎవరైనా హక్కు వదులుకున్నట్లు రాసిమ్మని అడిగితే న్యాయవాదికి చూపించనిదే సంతకం చేయకూడదు.