కథలో మధ్యాహ్నపు ఎండ అతకడం లేదా? లోపాన్ని పట్టుకునే పద్ధతి

విజయవాడలోనో గుంటూరులోనో జరిగే కథలో ఎండ రాయకుండా కుదరదు. రాసిన ఎండ అతక్కపోతే చాలామంది భాష చాల్లేదనుకుని విశేషణాలు పెంచుతారు. నిజానికి తప్పేది లెక్క. నెల, గంట, దిక్కు ఖాయం కాకుండానే వర్ణనలోకి దిగిపోతారు. కింది లోపాల్లో దేన్ని సవరించాలన్నా ముందు ఆ సన్నివేశం పక్కన మార్జిన్‌లో మూడు ముక్కలు రాసుకోండి: ఏ నెల, ఎన్ని గంటలు, గుమ్మమో కిటికీయో ఏ దిక్కుకుంది.

లక్షణం: మూడింటికే బంగారు కిరణాలు వచ్చేశాయి

కారణం: సాయంత్రపు రంగు తెచ్చి మధ్యాహ్నానికి పూయడం. పొద్దు బాగా కిందికి దిగాకే వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాల్సి వస్తుంది. దారిలో నీలం చెదిరిపోయి పసుపు, నారింజ మిగులుతాయి. మే మధ్యలో విజయవాడలో సూర్యాస్తమయం 6.30 ప్రాంతంలో. మూడింటికి సూర్యుడు ఇంకా ఆకాశంలో సగం ఎత్తున ఉంటాడు. అప్పటి ఎండ తెలుపు. అది రంగుల్ని పెంచదు, కడిగేస్తుంది. సున్నం గోడకేసి కళ్లు పెట్టలేం, సినిమా పోస్టర్లు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి.

సరిచేయడం: రంగును 5.30 దాటేదాకా బయటికి తీయకండి. అంతవరకు గంట చెప్పే పని నీడకు అప్పగించండి. అయిదున్నర అడుగుల మనిషి నీడ మే మధ్యలో సుమారుగా ఇలా ఉంటుంది: 1 గంటకు అడుగు పైచిలుకు, 2 గంటలకు 3 అడుగులు, 3 గంటలకు 5, 4 గంటలకు 8, 5 గంటలకు 15. చివర్లో ఎలా దూకుతుందో చూడండి. రెండింటి సన్నివేశంలో ‘నీడలు సాగుతున్నాయి’ అని రాస్తే తప్పు. అప్పటికి నీడ ఇంకా మనిషి కాళ్ల దగ్గరే ముడుచుకుని ఉంటుంది. నీరెండ, ఏటవాలు ఎండ లాంటి మాటలన్నీ ఐదు తర్వాతి సరుకు.

లక్షణం: ఎండ రాకూడని కిటికీలోంచి వస్తోంది

కారణం: సూర్యుడు ఎప్పుడూ దక్షిణంగానే ఉంటాడనే ఊహ. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం చివర్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు, నిలువు స్తంభానికి నీడే ఉండదు. ఈ రెండింటి మధ్య నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. మే నెల నాలుగింటికి ఎండ వచ్చేది పడమటి నుంచి, అదీ కొద్దిగా వాయవ్యపు వాలుతో. దక్షిణపు కిటికీ ముందు కూర్చున్న మీ కథానాయిక మొహాన ఆ వేళ ఎండ పడే ప్రశ్నే లేదు.

సరిచేయడం: కిటికీ దిక్కు మార్చండి, లేదా నెల మార్చండి. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు. దక్షిణం వైపున్న 7 అడుగుల గుమ్మానికి సన్‌షేడ్ లేకపోతే, ఎండ గడప దాటి దాదాపు 6 అడుగులు లోపలికి వస్తుంది. ముసలాయన పడక్కుర్చీ అక్కడ వేయొచ్చు.

ప్రకాశం బ్యారేజీ మీద సన్నివేశమైతే ఇంకొకటి చూసుకోండి. సాయంత్రం నీళ్లు కళ్లు చెదిరేలా మెరిసేది ఎగువ వైపు, అంటే పడమర. దిగువకు తిరిగి నిలబడ్డ పాత్రకు ఎండ వీపున తగులుతుంది, ఎదురుగా ఇసుక మేటలు స్పష్టంగా కనిపిస్తాయి. జంట ఒకే దృశ్యం చూస్తున్నారా, వేర్వేరు వైపులా అన్నది మాటల్లోకి కూడా వస్తుంది.

లక్షణం: ఎండ కళ్లలో కొడుతున్నా అందరికీ అన్నీ కనిపిస్తున్నాయి

రాతప్రతుల్లో దీన్ని ఎవరూ పట్టుకోరు. కథకు ఎక్కువ నష్టం చేసేదీ, సరిచేస్తే ఎక్కువ లాభమిచ్చేదీ ఇదే.

కారణం: రచయితకు కథ తెలుసు కాబట్టి పాత్ర కంటికి అందనిది కూడా రాసేస్తాడు. వెనక ఎండ ఉన్న మనిషి మొహం లోపలున్నవాళ్లకు నల్లగానే కనిపిస్తుంది. ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చినవాడికి మొదట ఆకారాలే అందుతాయి. సన్నటి వివరాలు తెలియడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

లోపంతో: ‘పడమటి గుమ్మంలో నిలబడ్డ సరోజ కళ్లలో సన్నటి నీటిపొర కనిపించింది మావయ్యకు.’

సరిచేశాక: ‘గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చీర అంచు చుట్టూ వెలుగే గానీ మొహం ఆనలేదు. “ఎవరమ్మా, లోపలికి రా” అన్నాడు మావయ్య. రెండడుగులేసి తలుపు రెక్క చాటుకొచ్చాక గానీ అది సరోజ అనీ, ఏడ్చి వచ్చిందనీ తెలియలేదు.’

విశేషణం ఒక్కటీ పెరగలేదు. మావయ్య సొంత మేనకోడల్ని పరాయిమనిషిలా పిలిచాడు, ఆ ఇబ్బంది ఊరికే దొరికింది. రివర్స్‌లోనూ వాడొచ్చు: రెండింటికి సైకిల్ దిగి ఇంట్లోకొచ్చిన కుర్రాడు బల్ల మీది ఉత్తరం చూడకుండా కుండ దగ్గరికి పోవడానికి వేరే సాకు అక్కర్లేదు.

లక్షణం: వేడి, వెలుగు ఒకే గంటకు ముదిరాయి

కారణం: రెండూ ఒకటే అనుకోవడం. వెలుగు ముదిరేది 12 దాటిన కాసేపటికి. గాలి వేడి ముదిరేది రెండున్నర, మూడున్నర మధ్య, నేల కాగి గాలికి వేడి ఇచ్చాక. డాబా శ్లాబు ఇంకా ఆలస్యం. ఎండ మెత్తబడ్డాక కూడా అరికాలు పెట్టనివ్వదు, రాత్రి గదిలోకి కక్కుతుంది.

సరిచేయడం: ఆరింటి సన్నివేశంలో కంటికి హాయి, కాలికి మంట రెండూ ఉంచండి. వడియాల గుడ్డ తీయడానికి పైకెళ్లినావిడ చెప్పులు విప్పదు. ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయి తిప్పితే మొదట వచ్చేవి కాగిన నీళ్లే. రోహిణి కార్తెలో, అంటే మే 25 నుంచి రెండు వారాలు, మూడింటికి ‘చల్లటి గాలి తెర’ వీయించకండి. అప్పుడు వీచేది పడమటి పొడిగాలి. తడి తువ్వాలు మొహానికి చుట్టుకున్న ఆటో డ్రైవరు చాలు, ఆ గాలి ఎలాంటిదో పాఠకుడికి తెలిసిపోతుంది.

లక్షణం: వాక్యం వార్తాపత్రిక శీర్షికలా ఉంది

‘భానుడు ప్రతాపం చూపుతున్నాడు.’ ‘సూర్యుడు నిప్పులు చెరుగుతున్నాడు.’ కారణం: సూర్యుణ్ని కర్త చేయడం. వాక్యంలోంచి అతన్ని తీసేసి, ఎండ తగిలిన వస్తువును కర్తగా పెట్టండి. స్కూటర్ సీటు, షట్టర్ కొక్కెం, బస్సు కిటికీ చువ్వ ఏదైనా సరే. గుంటూరు చుట్టుపక్కల మిరప కల్లమైతే చేతినిండా సామగ్రి. పరిచిన కాయల మీంచి ఎర్రటి వెలుగు పైకి లేచి, కాయలు తిరగేసే మనిషి తెల్ల చొక్కాకు కింది నుంచి రంగు అంటిస్తుంది, గడ్డం కింద నీడ కూడా ఎరుపెక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ ఘాటు ముక్కుకు తగులుతుంది. పొద్దు వాలాక కాయల్ని పోగు చేసి మంచు పడకుండా పట్టాలు కప్పుతారు. అంత ఎరుపూ ఒక్కసారిగా మాయమయ్యే ఆ క్షణాన్ని కథకులు పట్టించుకోకపోవడం ఆశ్చర్యం.

లక్షణం: గంటన్నర గొడవ జరిగినా నేల మీది ఎండపొడ కదల్లేదు

పెంకు జారిన చోటు నుంచి 12 అడుగుల కింద నేల మీద పడే మచ్చ, సూర్యుడు నడినెత్తిన ఉన్న వేళ గంటకు 3 అడుగుల పైనే తూర్పుకు జరుగుతుంది. రంధ్రం ఏ ఆకారంలో ఉన్నా చిన్నదైతే మచ్చ గుండ్రంగానే ఉంటుంది, అది సూర్యబింబమే కాబట్టి. పొద్దు వాలేకొద్దీ కోడిగుడ్డులా సాగుతుంది. సంభాషణ మొదట్లో మచ్చను పీట దగ్గర పెట్టి, చివర్లో గోడ వారకు చేర్చండి. మధ్యలో ‘గంట గడిచింది’ అనే వాక్యం కొట్టేయొచ్చు.

ఎండ కిరణంలో ‘నాట్యమాడే’ ధూళి గురించి రెండు ముక్కలు. గది చీకటిగా ఉండి, వెలుగు సన్నటి సందులోంచి వస్తేనే ధూళి కనిపిస్తుంది. తలుపులన్నీ తెరిచిన హాల్లో రాస్తే కొట్టేయండి. నాట్యం ఎలాగూ కొట్టేయండి.

లక్షణం: నెల మార్చాక ఎండ పాతదే ఉండిపోయింది

సంపాదకుడు వేసవి కథను డిసెంబరు చివరికి మార్చమన్నప్పుడు వచ్చే తంటా ఇది. డిసెంబరు నాలుగింటి నీడ పొడవు మే ఐదింటి నీడ పొడవుకు సమానం, కాబట్టి సాయంత్రపు గడియారాల్ని ఒక గంట వెనక్కి తిప్పండి. పసుపు రంగు నాలుగున్నర దాటాక మొదలవుతుంది, 5.40 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. నీడలు తూర్పుకు కాక ఈశాన్యానికి పడతాయి. ఉక్క, పడమటి గాలి, ముంజలు, కాగిన కుళాయి నీళ్లు తీసేయాలి. జులై, ఆగస్టులకు మారిస్తే ముసురు రోజున అంచు తేలిన నీడలే ఉండవు, అడుగుల లెక్క మొత్తం పక్కన పెట్టి గది లోపలి చీకటి మీద పని చేయండి.