పైత్యరసం నుంచి పెద్దపేగును కాపాడుకోవడం ఎలా

కొవ్వు తిన్న ప్రతిసారీ దాన్ని అరిగించడానికి కాలేయంలో తయారైన బైల్ యాసిడ్స్ (పైత్యరసంలోని ఆమ్లాలు) చిన్నపేగులోకి వస్తాయి, పని అయిపోయాక సుమారు 95 శాతం మళ్లీ కాలేయానికే వెళ్లిపోతాయి. తంటా అంతా మిగిలిన ఆ 5 శాతంతోనే. అవి పెద్దపేగులోకి జారితే అక్కడి బ్యాక్టీరియా వాటిని డీఆక్సీకోలిక్, లిథోకోలిక్ యాసిడ్లుగా మార్చేస్తుంది. ఇవి సబ్బులా కొవ్వును కరిగించే రకం, మోతాదు పెరిగితే పేగు లోపలి పొరనీ, కణాల్లోని డీఎన్ఏనీ దెబ్బతీస్తాయి, ఏళ్ల తరబడి అదే జరుగుతుంటే పాలిప్స్, అంటే పేగు లోపలి గోడ మీద చిన్న కండ బుడిపెలు, మొలిచే ముప్పు పెరుగుతుంది. వాటిలో కొన్ని తర్వాత క్యాన్సర్‌గా మారొచ్చు.

అందుకే ముందు కొవ్వు తగ్గించండి, ముఖ్యంగా మాంసం కొవ్వు. ఒక్కరోజు విందుకి టెన్షన్ పడక్కర్లేదు, రోజూ తినేదే లెక్క. సాసేజ్, బేకన్ లాంటివి రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో చెప్పింది. నూటికి 18 మందికి వస్తుందని కాదు, ఇప్పటికే ఉన్న ముప్పు మీద అంత పెరుగుతుందని. దానికి పైత్యరసం ఒక్కటే కారణం కాదు, కానీ మానేయడానికి ఇది చాలు.

తర్వాత పీచు. బైల్ యాసిడ్స్‌ని పట్టుకుని మలంతో పాటు బయటికి లాక్కెళ్లేది ఇదే. రోజుకు కనీసం 25 గ్రాములు కావాలి, ఒక కప్పు ఉడికించిన శనగల్లోనే 12 గ్రాముల దాకా ఉంటుంది. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, కాబట్టి వారానికి కొంచెం చొప్పున పెంచుతూ నీళ్లు బాగా తాగండి. కాల్షియం కూడా బైల్ యాసిడ్స్‌ని బంధిస్తుంది, కానీ మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు.

గాల్‌బ్లాడర్ (పైత్యరసం నిల్వ ఉండే సంచి) తీయించుకున్నాక నీళ్ల విరేచనాలు ఆగకపోతే డాక్టర్‌కి చెప్పండి, దానికి మందులున్నాయి.

ఇవన్నీ చేసినా పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష మానొద్దు, నేను గట్టిగా చెప్పేది ఇదే. ఏ ఇబ్బందీ లేకపోయినా 45 ఏళ్లకి మొదలుపెట్టాలి: ఏటా మలంలో రక్తం ఉందేమో చూసే పరీక్ష, లేదా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం), అది మామూలుగా వస్తే పదేళ్లకోసారి చాలు. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే. మలంలో రక్తం కనిపిస్తే పైల్స్ అని మీరే తేల్చేసుకోకండి. కొలనోస్కోపీలో పాలిప్ దొరికితే సాధారణంగా అక్కడికక్కడే సన్నని తీగ ఉచ్చుతో కోసి ల్యాబ్‌కి పంపుతారు. ఆ రిపోర్ట్ పారేయకుండా దాచుకోండి, మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టర్ దాన్ని చూసే చెబుతారు.